జబ్బు ఒక తుపాకీకి, మందు ఇంకో తుపాకీకి

ప్రశ్న: నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటున్న రిటైర్డ్ లెక్కల టీచర్ని. వినుకొండ అవతల మాకు ఆరెకరాల పొలం ఉంది. వేరుశనగ, మొక్కజొన్న వేస్తాం, అడవి పందుల బెడద ఎక్కువ. మా తాతగారి నాటి మందు కూరే తుపాకీ ఒకటి పంట రక్షణ లైసెన్సు మీద ఇప్పుడు నా పేరున ఉంది. గొట్టం మీద ముంగేర్ అని ముద్ర కనిపిస్తుంది. మా అల్లుడు పెన్సిల్వేనియాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఇంకా హెచ్ 1బి మీదే ఉన్నాడు. అక్కడ స్నేహితులతో కలిసి వేటకు అలవాటు పడి, చెకుముకి రాయితో పేలే పాతకాలపు రైఫిల్ ఒకటి కొన్నాడు. దాని ట్రిగ్గర్ మహా బిగుతట, కొలిస్తే 7 పౌండ్లు చూపించిందట. నొక్కేలోపు గురి పక్కకు పోతోందంటాడు. మొన్న వేసవిలో వచ్చినప్పుడు మా తుపాకీ ట్రిగ్గర్ నొక్కి చూసి, "మావయ్య గారూ, వెన్నలా ఉంది, వేలు తగిలితే చాలు హ్యామర్ పడిపోతోంది" అని మురిసిపోయాడు. హ్యామర్ అనే సుత్తిని ఆపి వదిలే లోపలి మర, అదే లాకు, విప్పి ఫోటోలు తీసుకెళ్లాడు. తన దాన్ని కూడా అలాగే ఆకురాయితో అరగదీస్తానంటున్నాడు. కుదరకపోతే కొత్త ట్రిగ్గర్ కొంటాడట. మా తుపాకీ హ్యామర్ కూడా ఈ మధ్య సగంలో సరిగ్గా ఆగడం లేదు కాబట్టి, దీనికీ ఒకటి సూట్‌కేసులో పట్టుకొస్తాడట. విజయవాడ ఆటోనగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రీ ఉన్నాడు, బిగించడం అతనితో అయిపోతుంది. ఇందులో తప్పేమైనా ఉందా? మా ఆవిడ మాత్రం ఆ తుపాకీని శుభ్రం చేయించి హాల్లో గోడకు పెడదామంటోంది.

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు ఆ 7 పౌండ్ల దగ్గర ఆగాను. రెండోసారి చదివినప్పుడు "వెన్నలా ఉంది" దగ్గర ఆగి, చేతిలో కాఫీ పక్కన పెట్టాను. మీరు అడిగింది ఎక్కువగా అల్లుడు గారి తుపాకీ గురించి. నాకు భయం పుట్టింది మీ తాతగారి తుపాకీ గురించి. ట్రిగ్గర్ బిగుతుగా ఉంటే గురి తప్పుతుంది, జింక బతికిపోతుంది. వేలు తగిలితే పడిపోయే హ్యామర్, పైగా సగంలో నిలవని హ్యామర్ అయితే ఇంట్లో మనిషికే ముప్పు. అల్లుడు గారు ఆరోగ్యంగా ఉన్నదాన్ని తీసుకొచ్చి జబ్బు పడ్డదానిలా చేద్దామనుకుంటున్నారు.

అందుకని మీ తుపాకీతోనే మొదలుపెడతాను. అల్లుడు గారు కాస్త ఆగగలరు. పెన్సిల్వేనియాలో చెకుముకి తుపాకుల సీజన్ ఎలాగూ క్రిస్మస్ వెళ్లాకే.

ముందు ఆ తుపాకీ ఖాళీగా ఉందో లేదో తేల్చండి. "ఉందిలెండి, పదేళ్లుగా ఎవరూ దట్టించలేదు" అంటే కుదరదు. మామూలు తుపాకీ అయితే తెరిచి లోపలికి చూస్తాం. మూతి వైపు నుంచి మందు దట్టించే తుపాకీకి తెరిచే దారే లేదు. దాని కడుపులో ఏముందో కడ్డీ ఒక్కటే చెబుతుంది. నిపుల్ అంటే గొట్టం అడుగున హ్యామర్ వచ్చి పడే చిన్న మొన, క్యాప్ అంటే దాని మీద పెట్టే పేలుడు టోపీ. నిపుల్ మీద క్యాప్ లేదని చూసుకుని, గొట్టం మూతి మనుషులు లేని వైపుకి పెట్టి, మీ ముఖం, చేయి మూతికి ఎదురుగా రాకుండా పక్కగా ఉండి, మందు దట్టించే కడ్డీని నెమ్మదిగా లోపలికి జారవిడవండి. ఖాళీ గొట్టమైతే ఇనప కడ్డీ అడుగున తగిలి ఖంగుమంటుంది. లోపల ఏదైనా ఉంటే గోనెసంచి మీద పడ్డట్టు దబ్‌మంటుంది. చప్పుడు తెలియకపోతే, మూతి దగ్గర కడ్డీ మీద బొటనవేలితో గుర్తు పట్టుకుని, బయటికి తీసి గొట్టం పక్కన ఆనించి చూడండి. కడ్డీ కొస నిపుల్ దాకా రావాలి. నాలుగు వేళ్లు ముందే ఆగిందంటే లోపల మందూ గుళ్లూ ఉన్నట్టే. అప్పుడిక దాన్ని మీరు ముట్టుకోకండి.

ఇది చాదస్తం అనుకోకండి. నేను తుపాకులు బాగుచేసే ఆర్మరర్ పనిలో ఉండగా ఒక పెద్దాయన పల్నాడు వైపు నుంచే ఒక తుపాకీ తెచ్చాడు. ముప్పై ఏళ్లుగా అటక మీద ఉందట, చెక్క బీటలిచ్చింది, అతికిస్తే చాలన్నాడు. దాన్ని గడకర్రలా భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే గొట్టం మూతి వెనకాల వస్తున్న మనవడి ముఖం మీదికి ఊగుతోంది. కడ్డీ వేస్తే దబ్‌మంది. గొట్టంలో నీళ్లు పోసి రాత్రంతా నానబెట్టి, మర్నాడు ముందు గుడ్డపీలిక, తర్వాత తుప్పు పట్టిన గుళ్లు, ఆఖరికి నల్లటి బురద బయటికి తీశాం. తడి తగలకపోతే తుపాకీ మందు దశాబ్దాల తర్వాత కూడా అంటుకుంటుంది. ఆ పెద్దాయన ఒక్క మాట మాట్లాడలేదు. మనవణ్ణి దగ్గరికి లాక్కుని, గుళ్లు పెట్టిన పళ్లెం వైపే చూస్తూ నిలబడ్డాడు.

ఖాళీ అని తేలాక ఇంకో చిన్న పరీక్ష. నిపుల్ మీద దళసరి తోలుముక్క పెట్టండి, హ్యామర్ పడితే నిపుల్ మూతి చెడకుండా. హ్యామర్ని సగం ఎత్తుకు లాగి వదలండి. ఇప్పుడు ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి. పడకూడదు. ట్రిగ్గర్ వదిలి, హ్యామర్ని వెనక నుంచి బొటనవేలితో ముందుకు తోయండి. అప్పుడూ పడకూడదు. సగం ఎత్తు అనేది ఆ తుపాకీకి ఉన్న ఒకే ఒక తాళం. మీరు రాసినదాన్ని బట్టి ఆ తాళం ఊడొస్తోంది.

ఎందుకంటే, లాకు లోపల టంబ్లర్ అని ఒక ముక్క ఉంటుంది. బయట హ్యామర్, లోపల టంబ్లర్, రెండిటికీ ఇరుసు ఒకటే. టంబ్లర్ అంచున రెండు గాళ్లు. లోతైనది సగం ఎత్తుకి, పైపైన ఉండేది నిండు ఎత్తుకి. సియర్ అనే కొక్కెం ముక్కు ఆ గాట్లో కూర్చుని హ్యామర్ని పట్టి ఉంచుతుంది. ట్రిగ్గర్ చేసే పనల్లా ఆ సియర్ తోకను పైకి నెట్టడమే. ట్రిగ్గర్ గుమ్మం దగ్గరి కాలింగ్ బెల్ స్విచ్చి లాంటిది, గంట ఉండేది లోపల. సగం ఎత్తు గాడి లోతుగా, లోపలికి తిరిగిన పెదవితో ఉంటుంది కాబట్టి ట్రిగ్గర్ ఎంత నొక్కినా సియర్ ముక్కు బయటికి రాలేదు. వస్తోందంటే ఆ పెదవి అరిగిందో విరిగిందో, లేదా సియర్ ముక్కే చితికిందో, సియర్ని నొక్కి ఉంచే స్ప్రింగు చచ్చిందో. ఎప్పుడో ఎవరో "మెత్తగా" చేద్దామని ఆకురాయి పెట్టి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఆకురాయి దగ్గర చిక్కేమిటంటే, ఈ పాత ముక్కలు లోపలంతా మెత్తటి ఇనుము, గట్టిదనమంతా పైపొరలోనే. వెనకటికి ఇనప పెట్టెలో ఎముకల బొగ్గు, తోలు బొగ్గు నింపి, మధ్యలో ఈ ముక్కలు పెట్టి, పెట్టె ఎర్రగా అయ్యేదాకా కాల్చి నీళ్లలో గుమ్మరించేవాళ్లు. బొగ్గులోని కర్బనం ఇనుములోకి ఎక్కి పైన గాజులాంటి పొర కడుతుంది. పొర మందం దళసరి కాగితమంత. ఆకురాయి పది సార్లు ఆడిస్తే అది కాస్తా పోతుంది. ఆ రోజు ట్రిగ్గర్ అద్భుతంగా ఉంటుంది. తర్వాత మెత్తటి ఇనుము మీద సియర్ ముక్కు ప్రతి దెబ్బకూ కొంచెం కొంచెం తినేస్తూ పోతుంది. మీ అల్లుడు గారు చూసిన వెన్న ఇదే.

కొత్తలో నేనూ ఈ పాపం చేశాను. పనిలో చేరి ఏడాది కాలేదు. ఒక పాత తుపాకీ ట్రిగ్గర్ గరగరలాడుతోందని, నిండు ఎత్తు గాట్లో సన్న సానరాయి పెట్టి నునుపు చేశాను. వేలికి హాయిగా ఉంది, గర్వంగా మా మేస్త్రీ చేతికిచ్చాను. ఆయన హ్యామర్ నిండా ఎత్తి, బొటనవేలితో వెనక నుంచి చిన్నగా నెట్టాడు. టక్‌మని పడింది. మళ్లీ ఎత్తి, తుపాకీ మడమను రబ్బరు పట్టా మీద బెత్తెడు ఎత్తు నుంచి వదిలాడు. ట్రిగ్గర్ జోలికి ఎవరూ వెళ్లలేదు, అయినా పడింది. తిట్టలేదు. టంబ్లర్ విప్పి నా చొక్కా జేబులో వేసి, "నెలాఖరు దాకా నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. రోజూ జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ ముక్క వేలికి తగిలేది. నెలాఖరున కొత్త టంబ్లర్ చేయడం కూడా ఆయనే నేర్పాడు. చేయడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

అరిగిన గాటికి వైద్యం అదే: కొత్త టంబ్లర్ చేయడం, లేదా పాతదాని మీద లోహం పోసి గాళ్లు మళ్లీ కోయడం, సియర్ని దానికి జత కుదర్చడం, ఆపైన రెండిటికీ గట్టిపొర ఎక్కించడం. బీహార్‌లోని ముంగేర్ తుపాకుల తయారీకి పేరున్న ఊరు. అక్కడివి చాలావరకు చేత్తో అమర్చినవి, ఒకదాని ముక్క ఇంకోదానికి పట్టదు. అమెరికా నుంచి ఎంత ఖరీదైన ట్రిగ్గర్ తెచ్చినా మీ చెక్కలోని గాటికి అది కుదరదు. కుదిరినా లాభం లేదు, జబ్బు ట్రిగ్గర్లో లేదు.

అసలు దాన్ని సూట్‌కేసులో పెట్టొద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. 1959 ఆయుధాల చట్టంలో ఆయుధం అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. లైసెన్సు లేకుండా దిగుమతి కుదరదు. అల్లుడు గారు హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో దిగి, "ఇది మా మావయ్య గారి పంట రక్షణ తుపాకీకండీ" అని కస్టమ్స్ వాళ్లకు వివరించే దృశ్యం ఊహించుకోండి. మీ అమ్మాయి మీతో ఏడాది మాట్లాడదు.

ఆటోనగర్ మేస్త్రీ విషయం. ఆ చేతుల మీద నాకు గౌరవం ఉంది. లారీ గేరుబాక్సులో ఏ పన్ను విరిగినా సాయంత్రానికల్లా జత చేసి ఇవ్వగల మనుషులు వాళ్లు. మీ టంబ్లర్ కూడా చేసేయగలడు, అనుమానం లేదు. కానీ అదే చట్టం 5వ సెక్షన్ ప్రకారం తుపాకీ మరమ్మతుకూ లైసెన్సు కావాలి. అది లేని మనిషి చేత చేయిస్తే మీతో పాటు అతన్నీ కేసులోకి లాగినట్టే. తెలిసినవాడని వెళ్లి, ఆ తెలిసినవాడికే కొరివి పెట్టి వస్తారు. మరమ్మతుకు లైసెన్సు ఉన్న ఆయుధాల డీలరు దగ్గరికే తీసుకెళ్లండి, లైసెన్సు కాపీ చూపించమని మొహమాటం లేకుండా అడగండి. మీరే పట్టుకెళ్తే లైసెన్సు పుస్తకం వెంట ఉండాలి. మీ అబ్బాయినో ఇంకొకరినో పంపితే, మరమ్మతు కోసం పంపుతున్నానని మీ సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వాలి. 3వ సెక్షన్ ఆ వెసులుబాటు ఇస్తోంది. నోటి మాట సరిపోదు. ఇచ్చినట్టు రసీదు, తీసుకున్నట్టు రసీదు, రెండూ దాచండి. మీ పొలం ఉన్న వినుకొండ 2022 ఏప్రిల్ నుంచి పల్నాడు జిల్లాలో ఉంది, మీ ఇల్లేమో గుంటూరు జిల్లాలో. లైసెన్సు పుస్తకంలో ఏ చిరునామా, ఏ ప్రాంతం రాసి ఉందో ఒకసారి చూసి, మారాల్సింది ఉంటే ఆ పనీ ఇప్పుడే చేయించండి. ఎలక్షన్ కోడ్ వచ్చి తుపాకీ స్టేషన్లో డిపాజిట్ చేయమన్న రోజున ఇలాంటివే బయటపడి టెన్షన్ పెడతాయి.

పందుల సంగతి రెండు మాటల్లో. పంట రక్షణ లైసెన్సు తుపాకీ ఉంచుకోవడానికే, జంతువును కొట్టడానికి కాదు. 1972 వన్యప్రాణి చట్టం కింద అడవి పందిని చంపాలంటే అటవీ శాఖ అధికారం ఇచ్చిన ఉత్తర్వు విడిగా ఉండాలి. నష్టం జరిగితే ఫోటోలతో వాళ్లకు అర్జీ పెట్టండి.

ఇక అల్లుడు గారు.

ఆయన బాధ నిజమైనదే. చెకుముకి తుపాకీలో ట్రిగ్గర్ నొక్కగానే గుండు పోదు. రాయి వెళ్లి ఉక్కు పలకకు రాసుకోవాలి, రవ్వలు గొట్టం పక్కనున్న చిన్న పళ్లెంలోని మందు మీద పడాలి, ఆ మంట పక్క బెజ్జం గుండా లోపలి మందుకు అంటుకోవాలి. కన్ను మూసి తెరిచేంతలో అయిపోతుంది కానీ, ఆ కాసేపూ గొట్టం కదలకూడదు. 7 పౌండ్లంటే 3 కిలోల పైమాట. ఇంచుమించు తుపాకీ మొత్తం బరువంత బరువు ఒక్క చూపుడువేలితో లాగుతూ గురి నిలపడం ఎవరి వల్లా కాదు.

అయినా ఆకురాయి ముట్టుకోవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు? నా అనుభవంలో బిగుతు ట్రిగ్గర్ అని వచ్చిన తుపాకుల్లో సగం పైగా లాకుతో సంబంధం లేనివే. చెక్కతోనో స్క్రూతోనో వచ్చిన తంటాలు.

మొదట మళ్లీ కొలవమనండి, ఖాళీ అని కడ్డీతో తేల్చుకున్నాకే. రాయి తీసేసి దాని స్థానంలో చిన్న చెక్కముక్క బిగించాలి. మన వీధిలో పాత పేపర్లు కొనే అతని దగ్గర ఉంటుందే కొక్కెం త్రాసు, అలాంటిది చాలు. వేలు ఆనే చోటే కొక్కెం తగిలించి, తిన్నగా వెనక్కి లాగాలి. అయిదుసార్లు కొలిచి సగటు తీయమనండి, లెక్కల మాస్టారి అల్లుడికి ఆ మాత్రం చెప్పక్కర్లేదు.

తర్వాత లాకుని చెక్కకు పట్టి ఉంచే స్క్రూని అర చుట్టు వదులు చేసి మళ్లీ కొలవాలి. బరువు ఒక్కసారిగా తగ్గితే దొంగ దొరికాడన్నమాట. కొత్తగా కొన్నవాళ్లు ఈ స్క్రూని కారు చక్రం నట్టులా బిగిస్తారు. లాకు పలక చెక్కలోకి వంగిపోయి లోపలి ముక్కలు చెక్కను రాసుకుంటాయి. తేమకు చెక్క ఉబ్బినా ఇదే గొడవ. ఎక్కడ రాసుకుంటోందో కనిపెట్టడానికి మా పాత ఉపాయం కాటుక. సియర్ తోకకూ, కదిలే ముక్కలకూ పల్చగా కాటుక రాసి లాకు పెట్టి, రెండుసార్లు హ్యామర్ ఎత్తి దించి, తీసి చూస్తే చెక్క మీద నల్లటి చుక్క పడుతుంది. అక్కడ మాత్రం ఉలితో పొట్టు లేచినంత తీస్తే చాలు. మీ అమ్మాయి సామానులో కాటుక డబ్బా దొరకకపోదు.

కొత్త లాకుల్లో కంపెనీ వాళ్లు తుప్పు పట్టకుండా జిడ్డు గ్రీజు దట్టంగా పూసి పంపుతారు. పెన్సిల్వేనియా చలిలో అది బెల్లం పాకంలా గట్టిపడుతుంది. ఇక కాల్చాక మిగిలే మసి సంగతి సరేసరి. తుపాకీ మందు కాలితే సగం పైగా పొగగా పోకుండా ఘనపదార్థంగానే మిగులుతుంది, అది గాలిలో తేమ పీల్చి ఇనుమును తింటుంది. లాకు తీసి వేడి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, పల్చటి నూనె చుక్క వేసి మళ్లీ కొలవమనండి.

ఇంతా చేసి బరువు తగ్గకపోతే, లాకుని బయటికి తీసి చేతిలో పట్టుకుని, నిండుగా ఎత్తి, సియర్ తోకను బొటనవేలితో నెట్టి చూడాలి. రెండో చేత్తో హ్యామర్ని పట్టుకునే ఉండాలి సుమా, చెక్క బయట దాన్ని ఊరికే వదిలితే లోపలి ముక్కలు విరుగుతాయి. చేతికి తేలిగ్గా కదిలిందంటే లాకు నిక్షేపం, లోపం ట్రిగ్గర్ అమరికలో ఉంది. అక్కడ చూడాల్సింది ట్రిగ్గర్ తిరిగే పిన్ను. గునపంతో బండరాయి లేపేటప్పుడు కింద పెట్టే చెక్కని రాయికి దగ్గరగా జరుపుతాం కదా, ఇక్కడా అంతే. పిన్ను సియర్ తోకకు దగ్గరగా ఉంటే వేలికి తేలిక, దూరంగా ఉంటే బరువు. ఇలాంటి సందర్భంలో ట్రిగ్గర్ మార్చడం నేనూ ఒప్పుకుంటాను. సాదా ట్రిగ్గర్ చిన్న ముక్క, ఖరీదు తక్కువ, గాళ్ల జోలికి పోనవసరం లేదు. ఒక్కటి మాత్రం మరవొద్దు: హ్యామర్ ఎత్తి ఉన్నప్పుడు ట్రిగ్గర్‌కీ సియర్ తోకకీ మధ్య పిసరంత ఖాళీ ఉండాలి. కొత్త ట్రిగ్గర్ ఎప్పుడూ తోకను తాకుతూ ఉంటే సియర్ ముక్కు గాట్లో పూర్తిగా కూర్చోదు. అప్పుడది మీ తాతగారి తుపాకీకి తమ్ముడవుతుంది.

చేతికి కూడా బరువుగానే ఉంటే సియర్ స్ప్రింగు మరీ గట్టిదై ఉండొచ్చు. దాన్ని పల్చన చేయొచ్చు, అయితే అది అక్కడి గన్‌స్మిత్ పని. గీతలు స్ప్రింగు పొడవునా పడాలి, అడ్డంగా పడితే ఆ గీత దగ్గరే ఒకరోజు విరుగుతుంది. హ్యామర్ని విసిరే పెద్ద స్ప్రింగు జోలికి మాత్రం అస్సలు పోవద్దు. అది నీరసిస్తే రాయి రవ్వలు రాల్చదు. ట్రిగ్గర్ తేలికై తుపాకీ పేలకపోతే ఏం లాభం?

రెండు ట్రిగ్గర్ల సెట్టు గురించి ఆయన స్నేహితులు చెప్పే ఉంటారు. వెనకది నొక్కి సిద్ధం చేసి, ముందుది తాకితే పేలుతుంది. చాలా తేలిక, బల్ల మీద ఆనించి టార్గెట్ కొట్టేవాళ్లకు బాగుంటుంది. అది పెట్టాలంటే చెక్క తొలవాలి, పైగా టంబ్లర్‌లో ఫ్లై అనే బియ్యపుగింజంత రేకు ఉండాలి. సెట్టు ట్రిగ్గర్ సియర్‌కి ఒక్క దెబ్బ కొట్టి వదిలేస్తుంది కాబట్టి, హ్యామర్ పడుతూ ఉండగా సియర్ ముక్కు సగం ఎత్తు గాట్లో పడిపోకుండా ఆ రేకే దాటిస్తుంది. అది లేని లాకుకి సెట్టు ట్రిగ్గర్ పెడితే కొన్నాళ్లకే సియర్ ముక్కు పగులుతుంది. మంచులో చేతి తొడుగులతో నడిచే మనిషికి నేనైతే ఇది చెప్పను. సాదా ట్రిగ్గరే 3 నుంచి 4 పౌండ్ల మధ్యకి తెచ్చుకుంటే వేటకు ధారాళంగా సరిపోతుంది. అంతకంటే తేలికైతే తొడుగు వేసుకున్న వేలికి ట్రిగ్గర్ తగిలిన సంగతే తెలియదు.

ఏ మార్పు చేసినా, మీకు చెప్పిన సగం ఎత్తు పరీక్ష, మా మేస్త్రీ చేసిన బొటనవేలి పరీక్ష, రబ్బరు పట్టా పరీక్ష, మూడూ ఖాళీ తుపాకీతో చేశాకే మందు డబ్బా తెరవాలి. ట్రిగ్గర్లో ఎంత చిన్న తేడా ఎంత పని చేస్తుందో పెద్ద కంపెనీలకే అనుభవం అయింది. 2014లో రెమింగ్టన్ కంపెనీ ఎక్స్‌మార్క్ ప్రో ట్రిగ్గర్ ఉన్న రైఫిళ్లను వెనక్కి పిలిపించుకుంది. ఫ్యాక్టరీలో బిగించేటప్పుడు కొన్నిటిలో జిగురు కాస్త ఎక్కువైంది, దానివల్ల వాటంతటవే పేలే ప్రమాదం ఉందని తేలింది. అవి మందు కూరే తుపాకులు కావు, తూటా రైఫిళ్లు. అయినా ఫ్యాక్టరీలోనే జిగురు బొట్టు అంత పని చేస్తే, వంటింటి బల్ల మీద ఆకురాయి సంగతి చెప్పేదేముంది.

హెచ్ 1బి అన్నారు కాబట్టి ఒక మాట. అమెరికా ఫెడరల్ చట్టం తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని మామూలుగా నిషేధిస్తుంది. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. పాత పద్ధతి చెకుముకి తుపాకీని ఆ చట్టం పురాతన ఆయుధాల కిందికి చేర్చి వదిలేస్తుంది. అయితే రేపెప్పుడైనా ఈయన కొత్త రకం ఇన్‌లైన్ తుపాకీ, అంటే మందుకు సరిగ్గా వెనక నుంచే నిప్పు అంటుకునే రకం, మీద మనసు పడొచ్చు. 1985లో ఎంకే 85 అనే మోడల్ వచ్చాక అవే ఎక్కువగా అమ్ముడవుతున్నాయి, వాటిలో కొన్నిటికి ట్రిగ్గర్ బిగుతు మార్చే స్క్రూ కంపెనీయే ఇస్తుంది. గొట్టం మార్చి మామూలు తూటా రైఫిల్‌గా వాడుకోగలిగిన రకాలు మాత్రం ఆ పురాతన ఆయుధాల లెక్కలోకి రావు. వేట లైసెన్సు గడువు దాటకుండా చూసుకుంటే ఏ రకమైనా ఫెడరల్ చట్టంతో ఆయనకు ఇబ్బంది ఉండదు. పెన్సిల్వేనియా రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోవాలి. చెకుముకి సీజన్‌కి అక్కడ .44 కాలిబర్‌కి, అంటే గొట్టం లోపలి వ్యాసం .44 అంగుళానికి, తగ్గని తుపాకీయే వాడాలి, ఆయనది అంతకంటే చిన్నది కాదని ఆశిస్తాను.

ఆయన తీసుకెళ్లిన ఫోటోలు మాత్రం దాచుకోమనండి. నాకూ ఒక కాపీ పంపమనండి, టంబ్లర్ వైపు నుంచి దగ్గరగా తీసింది ఉంటే మరీ మంచిది. గాటి పెదవి ఎటు అరిగిందో చూస్తే, డీలరు దగ్గర ఏం అడగాలో మీకు రాసి పంపుతాను.

మేడం గారికి నా నమస్కారాలు చెప్పండి. హాల్లో గోడకు వద్దమ్మా. వచ్చిన ప్రతి పిల్లవాడూ కుర్చీ ఎక్కి ఆ హ్యామర్ లాగుతాడు. మరమ్మతు అయి వచ్చేదాకా తాళం వేసిన బీరువాలోనే ఉండనివ్వండి, క్యాపులు, మందు వేరే చోట, తాళంచెవి మాస్టారి దగ్గర. గోడ బోసిగా ఉందనిపిస్తే తాతగారి ఫోటో పెట్టండి, తుపాకీ పట్టుకుని దిగింది ఒకటి ఉండే ఉంటుంది.